గెడకర్రకు వేలాడిన సెలైన్

ఇట్టూప్ చేట్టన్ కడుపును కుదుటపరిచింది సూదిమందా, గాలా, నీళ్ళా? ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోయిన సంగతి ఇది. సిస్టర్ జెస్సమ్మ మందే అంటుంది. ఆయన భార్య ఏలిక్కుట్టి, వాసన తగలకపోవడం అంటుంది. ఆయన్నే ఒకసారి అడిగాను. పడవ అంచు మీంచి చెయ్యి నీళ్ళలోకి జారవిడిచి చాలాసేపు చూస్తూ ఉండిపోయి, "సారే, ఇవాళ నీళ్ళు రెండోసారి తీసిన కొబ్బరిపాలలా ఉన్నాయి, చూశారా?" అన్నాడు. అది జవాబో కాదో కూడా నాకు తెలియదు.

కుట్టనాడులో మా ఊళ్ళో వీధులంటే కాలవలే. ఊరి గ్రంథాలయంలో పని మానుకున్నాక, మంచంపట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే బృందంలో చేరాను. అందులో నా పని పడవకు గెడ వెయ్యడం. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నల్లగొడుగు కింద నర్సు జెస్సమ్మ పడవ నడుమ కూర్చునేది. ఏ రేవు దగ్గర ఆగినా ఆ ఇంటి కుక్క ముందు ఆమెను పలకరించి, తర్వాత నన్ను చూసి మొరిగేది.

ఇట్టూప్ పెళ్ళి వంటలవాడు. చేట్టన్ అంటే అన్న. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ని అలాగే పిలిచేవారు. మా కాలవల వెంట ఏ క్రైస్తవుల ఇంట పెళ్ళయినా బాతు కూర ఆయనదే. నిప్పుల దగ్గర నిలబడి నిలబడి ముంజేతుల మీద వెంట్రుకన్నది లేకుండా పోయింది. మా వైపు వంటవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెద్ద వంటవాడు రుచి చూడందే గుండిగ కదలదు. గరిటె నోట పెట్టుకోడు. ఎడమచేతి వెనకవైపు ఒక్క చుక్క వేసుకుని నాకుతాడు. సరిపోయిందనుకుంటే గుండిగ మూత మీద అరచెయ్యి ఆనిస్తాడు. మాట చెప్పడు. ఆ చెయ్యి ఆనితేనే వడ్డన.

అలాంటి మనిషికి జబ్బు పొట్టలోనే వచ్చింది. మంచినీళ్ళు తాగినా నిలిచేవి కావు. వారానికి రెండుసార్లు ఇంటి దగ్గరే సెలైన్ పెట్టమన్నారు డాక్టరు. ముందు వాంతులాపే ఇంజక్షన్, కాస్త ఆగి సెలైన్. ఆ ఇంజక్షన్ కూడా చాలా నిదానంగా ఎక్కించాలి. తొందరపడితే రోగికి కాళ్ళు నిలవవు, లేచి పరిగెత్తాలనిపిస్తుంది. జెస్సమ్మ పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చెప్పుకుని, అది అయ్యేదాకా సూది గొట్టం నొక్కుతూ ఉండేది.

ఆ రోజుల్లోనే జోప్పన్ వచ్చాడు. ఏళ్ళ తరబడి చేట్టన్ పక్కన ఉల్లిపాయలు వేయించినవాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. సొంతంగా మొదటి పెళ్ళి వంట ఒప్పుకున్నాడు.

"మూత మీద చెయ్యి మీరే పెట్టాలి చేట్టా. లేకపోతే నేను వడ్డించను."

"వడ్డించకపోతే పెళ్ళివాళ్ళు నిన్ను కాలవలో ముంచుతారురా."

"ముంచనీండి. ఈత వచ్చు."

చేట్టన్ నవ్వి, వస్తానన్నాడు. వాడు వెళ్ళాక గోడవైపు తిరిగాడు. "మోళే," అన్నాడు జెస్సమ్మతో. కూతురిని పిలిచినట్టు ఆమెను అలాగే పిలిచేవాడు. "ఆ బాతు కూర దగ్గర ఒక్క క్షణం నిలబడాలి నేను. కక్కుకోకుండా. అంతవరకు చూడు, చాలు."

కానీ ఏం చేసినా వాంతులు ఆగలేదు. డాక్టరు ఫోనులోనే మందు పెంచారు, ఇంకొకటి కలిపారు. సెలైన్ సగం కాకముందే చేట్టన్ తల వాల్చి బేసిన్ అడిగేవాడు. అసలు ఈ మందువల్లే తిప్పుతోందేమోనని ఏలిక్కుట్టి నావైపు అనుమానంగా చూసేది, మందు కనిపెట్టింది నేనే అన్నట్టు.

ఒకరోజు మేము వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఏడుపు మొహం పెట్టింది. "గ్యాసు అయిపోయింది సిస్టరూ. మీకు పెట్టడానికి అరటిపళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన లోపల్నించి తిడుతున్నారు."

ఆ రోజు సెలైన్ మొత్తం ఎక్కింది. చేట్టన్ ఒక్కసారి కూడా బేసిన్ అడగలేదు.

జెస్సమ్మ ఖాళీ పొయ్యి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అప్పుడు తెలిసింది మా ముగ్గురికీ. మా పడవ రేవులో కనిపించగానే ఏలిక్కుట్టి కొబ్బరినూనెలో కరిమీన్ చేపలు వేయించేది. వచ్చినవాళ్ళు ఖాళీ కడుపుతో పోకూడదని చేట్టన్ మంచంమీంచే హుకుం. సూది దిగే వేళకు ఇల్లంతా వేపుడు పొగ. ఆ ఇంట్లో ఆ వాసన గోడల్లాంటిది. ఎవరు పట్టించుకుంటారు?

"ఇకనుంచి మేము వచ్చినప్పుడు పొయ్యి వెలిగించొద్దు," అంది జెస్సమ్మ.

చేట్టన్ మోచేతుల మీద లేచాడు. "నా ఇంట్లో పొయ్యి ఆర్పి నాకు సూది వేస్తావా? అదేదో నా శవం లేచాక చెయ్యి."

"చేపలు కావాలా, జోప్పన్ పెళ్ళి కావాలా మీకు?"

"రెండూ."

"రెండూ అంట! చూడు సారూ, కక్కేది ఈయన, కడిగేది నేను," అంది ఏలిక్కుట్టి.

రేవులో పడవ మెట్టును తాకుతూ చప్పుడు చేస్తోంది. "పొయ్యి మానకపోతే," అన్నాను నేను, "మనిషినే తీసుకుపోదాం."

అలా మొదలైంది. ఏలిక్కుట్టి వేపుడు ఏలిక్కుట్టిది. మేము చేట్టన్‌ను పడవలో చాప మీద పడుకోబెట్టి, కాలవ దాటి, సరస్సు మొదలయ్యేచోటిదాకా తీసుకుపోయేవాళ్ళం. పడవ ఊగితే ఇంకా తిప్పుతుందని జెస్సమ్మ భయపడింది. తిప్పలేదు. నేను గెడను బురదలో లోతుగా దించి పడవను దానికి కట్టేవాడిని. గెడ పైకొనకు సెలైన్ సీసా వేలాడేది. ముందు ఇంజక్షన్, తర్వాత ఊరికే ఉండటం, తర్వాత చుక్క వెంట చుక్క.

ఆ వేళల గురించి ఏమని రాయను? పుస్తకాల్లో చదివిన నిశ్శబ్దాలు చాలా ఉన్నాయి, ఏదీ దీనిలా లేదు. ఆకాశం కింద ఉందో, మేము ఆకాశం కింద ఉన్నామో తెలిసేది కాదు. సీసాలో ఒక చిన్న సూర్యుడు, నీళ్ళలో ఇంకొకడు. గుర్రపుడెక్క గుంపులు ఎటో పనున్నట్టు నెమ్మదిగా దాటిపోయేవి. నీటికాకి రెక్కలు చాపి మా గెడ మీద వాలాలా వద్దా అని చూసి, సీసాను చూసి మానుకునేది. దూరంగా ఎవరో బాతుల మందను అదిలించే కేక వినిపించేది. ఆ కేక మాదాకా వచ్చేసరికి పాటలా మెత్తబడేది. చేట్టన్ కళ్ళు మూసుకునే తాను వండిన పెళ్ళిళ్ళు చెప్పేవాడు. ఫలానా ఇంటి వరద పెళ్ళి, గుండిగలు పడవల్లో పెట్టి వండింది. ఫలానా పెళ్ళిలో పెళ్ళికొడుకు పారిపోయినా జనం బాతు కూర తినే లేచారట. మాట మధ్యలో నిద్రపోయేవాడు. జెస్సమ్మ చుక్కల వేగం సరిచేసి, తానూ కునికేది. ముగ్గురిలో ఎవరి కల ఎవరు కంటున్నామో అనిపించేది నాకు.

పెళ్ళి దగ్గరపడ్డాక జెస్సమ్మ నాలుక మీద కరిగే వాంతుల మాత్ర ఒకటి తెచ్చింది. "పందిట్లోకి వెళ్ళేముందు ఇది వేసుకుంటే చాలు చేట్టా. సూది బాధ ఉండదు."

ఆయన నాలుక మీద పెట్టుకుని, మొహం ముడుచుకుని, నీళ్ళలోకి ఉమ్మేశాడు. "తియ్యగా ఏదో పండు వాసన మోళే ఇది! ఈ నాలుకతో ఉప్పెలా చూడను? పిల్లలకి ఇవ్వు."

"అయితే ఆ రోజూ ఇంజక్షనే. పడవలోనే. నేను లెమ్మన్నప్పుడే లేవాలి."

"లేస్తాను."

పెళ్ళిరోజు పొద్దున్నే పెళ్ళివారి రేవుకు కాస్త ఎగువన, గాలి అటు వీచే చోట పడవ ఆపాను. జెస్సమ్మ అలవాటుగా ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. ఆయన లాగేసుకున్నాడు.

"అది కాదు. దానితో పనుంది."

కుడిచేతిలో నరం దొరకలేదు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర తడిమి చివరికి ముంజేతి మీద దింపింది. మందు ఎక్కించింది, పెదవులు కదుపుతూ. తర్వాత సెలైన్. గుండిగల పొగ మా వైపు రాకుండా కొబ్బరిచెట్ల మీంచి అవతలికి సాగిపోతోంది. చేట్టన్ దాన్ని చూస్తూ, "మంట కొంచెం ఎక్కువ పెట్టాడు వెధవ," అన్నాడు మురిపెంగా.

జెస్సమ్మ సెలైన్ గొట్టం విప్పి, సూదికి పట్టీ వేసి, "ఇప్పుడు," అంది.

ఆయన నా భుజం పట్టుకుని నడిచాడు. పందిరి కింద జోప్పన్ మనుషులు ఒక్కసారి పనులు ఆపేశారు. మిరియాలు, వేగిన ఉల్లి, బాతు కొవ్వు, అన్నీ కలిసిన ఆవిరి మా మీదికి వచ్చింది. నా చేతి కింద ఆయన వెన్ను బిగుసుకుంది. వెనక జెస్సమ్మ ప్లాస్టిక్ సంచి విప్పిన చప్పుడు విన్నాను. చేట్టన్ ఆగాడు. ఒక ఊపిరి. ఇంకొక ఊపిరి. బిగువు సడలింది. నా భుజం వదిలేసి గుండిగ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

జోప్పన్ గరిటెతో చుక్క వేశాడు. చేట్టన్ ఎడమచేతి వెనక నాకాడు. కళ్ళు మూశాడు. జోప్పన్ మొహంలో నెత్తురు లేదు.

"ఉప్పు..." అన్నాడు జోప్పన్.

చేట్టన్ కళ్ళు తెరిచి, మూత లాగి గుండిగ మీద వేసి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. కాలుతుందన్న ధ్యాస కూడా లేనట్టు అలాగే ఉంచాడు.

జోప్పన్ కళ్ళు తుడుచుకుంటుండగానే రేవులో బ్యాండు మొదలైంది. ఫాదర్ గారి పడవ వచ్చింది. "ఆకులు! ఆకులు వెయ్యండిరా!" అని అరుస్తూ జోప్పన్ అటు పరిగెత్తాడు. చేట్టన్ వచ్చి పడవలో చాప మీద కూర్చుని, నా వైపు చూసి గెడ వైపు కళ్ళతో చూపించాడు.

పడవ కదిలాక జోప్పన్ గట్టు మీదికి వచ్చాడు, చేతిలో గరిటెతో. "చేట్టా! చేపల పులుసు చూడలేదు కదా! చేట్టా!"

"పిలుస్తున్నాడు," అంది జెస్సమ్మ.

ఇట్టూప్ చేట్టన్ వెనక్కి తిరగలేదు. చెయ్యి ఎత్తలేదు. కాళ్ళు చాపుకుని, "పులుసు వాడు చూసుకుంటాడు, పోనివ్వండి సారే," అన్నాడు.

నేను గెడ వేశాను.