తిరగేసి చూసే అక్క

గద్వాలలో మా వీధి నేతక్కకు ఒక అలవాటుండేది. ఏ చీరనైనా ముందు తిరగేసి, అంచు అతికే చోట వెనకవైపు వేలితో తడిమేది. ఆ తర్వాతే ముందువైపు చూసేది.

తన చీరలకు తానే ఒక వెబ్ పేజీ పెట్టుకోవాలనుకుంది. ట్యాబ్‌లో పేజీలు దిద్దుకునే యాప్ ఏది మంచిదని, కంప్యూటర్ నేర్పేవాణ్ణి కదా, నన్నడిగింది. రెండు చూపించాను. ఒకటి చూపులకు బోడిగా ఉంటుంది, కానీ పేజీ నకలు మన దగ్గరే దాచుకోవచ్చు. రెండోది కళకళలాడుతుంది, పేజీ మాత్రం ఆ కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ తేడా ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా అడుగుతుందని నా విసుగు.

"తమ్మీ, దీని ఎనక ఎట్లుంటది?" అని అడగనే అడిగింది.

"ఎనకది నీకెందుకక్కా? ముంగట మంచిగున్నది గదా," అని నవ్వి, రెండోది ఎక్కించాను.

రెండేళ్లు ఆమె చీర చీరకూ ఫోటో పెట్టి, కింద నేసినవాళ్ల పేరు రాసింది. ట్యాబ్ నిండిందంటే, పేజీలో ఉన్నాయి కదా, ఇక్కడివి తుడిచేయమన్నదీ నేనే. ఒకరోజు ఆ కంపెనీ మూతపడింది. పేజీ మళ్లీ తెరుచుకోలేదు. అమ్ముడుపోయిన చీరలకు మిగిలిన గుర్తులు ఆ ఫోటోలూ, ఆ పేర్లే.

తిట్టించుకుందామనే అక్క దగ్గరికి వెళ్లి, మా ఇంట్లోవాళ్లకు చీర కావాలన్నాను. ఒకటి విప్పి, తిరగేసి నా ముందు పరిచింది.

"ఎనక గూడ మంచిగ జూస్కోండ్రి, సార్."

ఆమె నన్ను సార్ అనడం అదే మొదలు.