సవతి పెట్టెలో అమ్మ పేరు

మా చిన్నప్పుడు... తాండూరులో సందె దీపాలు పెట్టగానే నాయన ముందు గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. ఇక ఆ గొంతు మాది కాదు...

"నమస్కారమండీ! నా మాట మంచిగ వినబడుతున్నదా? ఆడ వాన పడ్డదా? భోజనమైందా?"

ఎవరితో అనుకున్నారు? మొహం కూడా ఎరగని మనుషులతో!

అరవైల మాట ఇది. నాపరాళ్ల వ్యాపారం చేసే మా నాయనకు హ్యామ్ రేడియో పిచ్చి. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మాట్లాడేందుకు ఒక పెట్టె, వినేందుకు ఒక పెట్టె పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లతోనో ముచ్చట్లు... మాతో మాత్రం "ఊఁ", "ఆఁ", "నీళ్లు తే". అమ్మనైతే పేరు పెట్టి పిలిచేవాడే కాదు. "ఏమే" అంటే అమ్మ, అంతే.

అమ్మ దాన్ని సవతి పెట్టె అనేది. "మనం తిన్నమా అని ఎన్నడన్న అడిగిండా? ఎవడో బెంగుళూరోడు తిన్నడా లేదా అని ఈయనకు ఫికరు!"

నాకైతే అమ్మకన్నా ఎక్కువ కుళ్లు. తలుపు సందులోంచి చూసి చూసి, వినే పెట్టెలో ఏ మీట తిప్పితే ఏమవుతుందో అంతా నేర్చేసుకున్నాను.

"గీ పెట్టె మనకెందుకు?" అని అమ్మ అడిగినప్పుడల్లా నాయన జవాబు ఒక్కటే. "ఆపదల అక్కెరకొస్తది."

"ఏం ఆపద?"

"వచ్చినప్పుడు ఎరుకైతది."

లైసెన్సు ఇచ్చిన పెద్దసార్లకూ అదే చెప్పాడట. ఏళ్లు గడిచాయి, ఆపద జాడ లేదు. అమ్మ కసికొద్దీ, డాబా మీంచి వేపచెట్టుకు కట్టిన ఏరియల్ తీగ మీద తడి చీరలు ఆరేసేది. నాయన పళ్లు కొరుక్కుంటూ వాటిని తీసి పక్కన పడేసేవాడు.

ఒక వానాకాలం నాయన పనిమీద వికారాబాదు పోయాడు. ఆ రోజే ముసురు కాస్తా కుండపోత అయింది. కాగ్నా నది పొంగింది... రైలుకట్ట తెగింది... తంతి స్తంభాలు పడిపోయాయి. మర్నాడు, వికారాబాదు నుంచి వచ్చే రైలు నీళ్లలో పడిపోయిందని ఊరంతా పుకారు. అమ్మ పొయ్యి ముట్టించలేదు.

సందె వేళకు నా చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకుపోయింది. వికారాబాదులో నాయన స్నేహితుడికి కూడా ఇట్లాంటి పెట్టెలున్నాయి. ఇద్దరూ రోజూ ఆ వేళకే మాట్లాడుకునేవాళ్లు. నాయన బతికి ఉంటే అక్కడికే పోతాడని అమ్మ ఆశ.

"నీకు తిప్పొస్తదానే?"

"వస్తది."

వినే పెట్టెను బ్యాటరీకి తగిలించి, చెవులకు పెట్టుకునేవి పెట్టుకున్నాను. గరగర తప్ప ఏమీ లేదు. చూస్తే, గాలికి తీగ చెట్టు దగ్గర తెగి బురదలో పడి ఉంది. అమ్మ దండెం కర్ర పట్టుకుని వానలోకి పోయింది. తీగ కొసను కర్రకు చుట్టి, రెండు చేతులతో పైకెత్తి నిలబడింది.

గరగరలోంచి... నాయన!

"సుమిత్రా... సుమిత్రా... సుమిత్రా..."

గాలిలో ఎవరిని పిలిచినా ముందు వాళ్లను మూడుసార్లు పిలవాలి, అది ఆ రేడియో వాళ్ల పద్ధతి. అమ్మ పేరు నాయన నోట వినడం నాకదే మొదటిసారి.

"ఇంటున్నవో లేదో ఎరుక లేదు. నేను మంచిగున్న. రైలు ఈడనే ఆగింది. మన తాండూరోళ్లందరు స్టేషన్ల పైలంగున్నరు, అందరిండ్లల్ల చెప్పు. ఫికర్ చెయ్యకు సుమిత్రా... అన్నం తిన్నవా?"

ఎంత మెత్తగా అడిగాడో! మరి నా పేరు? ఎత్తనే లేదు... విన్నది నేను, మాటలన్నీ అమ్మవి. అంత సంతోషంలోనూ నాకు కడుపు మండింది.

"అమ్మా, నాయన మంచిగున్నడు!" అని అరుస్తూ బయటికి ఉరికాను. అమ్మ కర్ర వదిలేసి బురదలోనే కూలబడి ఏడ్చింది. ఏడుపు ఆగాక...

"ఇంకేమన్నడే?"

"నిన్ను పేరు పెట్టి పిలిచిండు. అన్నం తిన్నవా అన్నడు."

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఎట్ల పిలిచిండు?"

నేను గొంతు మెత్తగా చేసి పిలిచి చూపించాను.

"నీ గొంతుల గాదే... ఆయన గొంతుల ఎట్లుండె?"

ఇంకోసారి పిలిచి చూపించాను. అదీ నా గొంతే.

ఇల్లిల్లూ తిరిగి ఇద్దరం కబురు చెప్పొచ్చాం. రైళ్లు నడిచాక నాయన ఇంటికొచ్చాడు. వాడవాళ్లంతా పొగుడుతుంటే మీసం దువ్వుకుని, "చెప్పలే? ఆపదల అక్కెరకొస్తదని!" అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి, "ఏమే... నీళ్లు తే."

అమ్మ మళ్లీ ఆ తీగ మీద చీరలు ఆరేయలేదు. పెట్టె మీది కుళ్లంతా నా మీదికి మళ్లింది. దేనికి అలిగినా "నీకేందే, నువ్వు విన్నవ్" అనేది. "పిలిచింది నిన్ను గదా!" అని నేను మూతి తిప్పేదాన్ని. నాయన పోయిన చాలా ఏళ్లకు, మంచంలో ఉండి కూడా అడిగింది... "ఎట్ల పిలిచిండే?"

ఇప్పుడు మా మనవరాలికి వాళ్ల నాన్న ఆఫీసు నుంచి ఊరికే ఫోన్ చేసి "తిన్నావా బంగారం" అంటాడు. అది "ఆఁ తిన్నా" అని విసుక్కుని పెట్టేస్తుంది. చూసి కుళ్లుకుంటున్నాను, దాచడమెందుకు...

మీ ఇంట్లో నాన్న మెత్తని గొంతు ఎవరికి దక్కింది? మీ అమ్మను పేరు పెట్టి పిలిచేవాడా? రాయండి... చదివి ఇంకాస్త కుళ్లుకుంటాను.