అడిగి దున్నిన చేను

ముత్తుకూరులో మా పెద్దమ్మ సాగుచేసే చేను మాది కాదు, ఎప్పుడో రంగూను వెళ్ళిపోయిన ఒక ఆసామిది. ఏటా తొలి దుక్కినాడు ఆమె గట్టు మీద నిలబడి, సముద్రం వైపు తిరిగి, చుట్టుపక్కల చేలవాళ్ళందరికీ వినబడేలా అడిగేది: "అన్నా, ఈ ఏడు కూడా నీ చేను మేం దున్నుకునేదా?" మారుపలుకు కోసం కాసేపు ఆగి, ఆ తర్వాతే పెదనాన్న వైపు తలూపేది. పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

పెదనాన్నకు మాత్రం కడుపు మండేది. "మనదేనని పన్నెండేళ్ళు దున్నుకొనుంటే చట్టం ప్రకారం మనదే అయ్యేదని ప్లీడరు చెప్పినాడు. నువ్వేమో ఏటా ఊరంతా వినేటట్టు వాళ్ళదని చాటతా ఉండావు."

"అడక్కుండా పండించిన కూడు నాకు గొంతు దిగదు," అనేది పెద్దమ్మ.

రంగూను నుంచి మనవాళ్ళు ఓడల్లో తిరిగొచ్చిన ఏడు, సరిగ్గా దుక్కినాడే ఆ ఆసామి వచ్చాడు. చేతిలో ఒక్క మూట. చేను మాట ఎత్తే ధైర్యం లేక గట్టు కిందే నిలబడిపోయాడు. పెద్దమ్మ ఈసారి సముద్రం వైపు తిరగలేదు. ఆయన వైపు తిరిగి, అదే గొంతుతో అడిగింది: "అన్నా, ఈ ఏడు మేం దున్నేదా, నువ్వు దున్నుకుంటావా?"



ఎప్పటిలాగే మారుపలుకు కోసం ఆగింది. అన్నేళ్ళూ గొణిగిన మా పెదనాన్నే వెళ్ళి, నాగలి మేడి ఆయన చేతికిచ్చాడు.