పసుపు సుద్ద, తెల్ల పొట్టు

“సుద్ద మార్చాం, ఇప్పుడు పసుపు రంగుది వాడుతున్నాం అని మీరే చెప్పారు కదమ్మా. మరి నా కోటు మీద ఈ తెల్లదేంటి?”

“గోడ సున్నం అయ్యుంటుందండీ.”

“గోడ నీలం రంగులో ఉంది.”

నేను షాపు మెట్ల మీదే ఆగిపోయాను. లోపల పోట్లాడుకుంటున్నది మా అత్త, ఓ పెద్ద లాయరు. అసలు సమాధానం చెప్పాల్సిన మనిషి మా మామయ్య. ఆయనేమో ఆ గొడవతో తనకేం సంబంధం లేనట్టు, మడత కూడా లేని కాలర్‌ని మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. దర్జీ. లాయర్ల నల్ల కోట్లు తప్ప ఇంకేం కుట్టడు, కుట్టడం రాదు కూడా. షాపు కోర్టుకి ఎదురుగా ఉంది కాబట్టి ఇంకేదీ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. నేను కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో మంచానికి అతుక్కుపోతే, ఆ పడుకునేదేదో మామయ్య షాపులో పడుకోమని అమ్మ నన్ను అక్కడికి తరిమింది.

మామయ్యకి సోరియాసిస్. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, తలలో ఎర్రటి మచ్చలు. వాటి మీద వెండి రంగు పొట్టు. అది రాలుతుంది. ఎక్కడ రాలకూడదో సరిగ్గా అక్కడే, నల్ల గుడ్డ మీదే రాలుతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదంటే కారణం, దర్జీలు గుడ్డ మీద గీతలు గీసే తెల్ల సుద్ద. ఏం రాలినా “సుద్దండీ” అని ఒక్క దులుపు దులిపేవాడు. అంత మంచి సాకు ఇంకే వృత్తిలోనూ దొరకదు.

అలాంటి సాకుని మా వాళ్ళు చేతులారా పోగొట్టుకున్నారు. కోట్ల మీద తెల్ల మరకలు ఉంటున్నాయని లాయర్లు సణుగుతుంటే, అత్త పసుపు సుద్ద పెట్టె తెచ్చింది. మామయ్య భేష్ అన్నాడు. ఇక తెల్లది కనబడితే అది ఎక్కడిదని అడుగుతారు కదా అన్న ఆలోచన మొగుడికీ రాలేదు, పెళ్ళానికీ రాలేదు.

ఆ రోజు లాయరు అడ్డప్రశ్నలతో అత్తని గోడ దాకా తోసుకెళ్ళాడు. మామయ్య ఇక ఉండబట్టలేక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతులు రెండూ చూపించాడు. లాయరు ఒక్క గెంతులో గుమ్మంలో ఉన్నాడు.

“నిన్న ఆ చేతులతోనేగా నా నడుము కొలిచావు” అన్నాడు, అప్పటికే నడుము గోక్కుంటూ. ఇంకా పూర్తికాక కచ్చా కుట్టు మీదున్న కోటు అక్కడే వదిలేసి పోయాడు.

మధ్యాహ్నానికల్లా కోర్టు కాంటీన్ మొత్తానికి కబురు అందింది. ఆ వారమంతా మామయ్య టేపు ఎవరి ఒంటినీ తాకలేదు. షాపు మూసుకోవాలేమోనన్న భయం మొదలైంది. దూరం నుంచి కంటితో కొలుస్తానన్నాడు, ఎవరూ ఒప్పుకోలేదు. ఓ కుర్ర లాయరు మాత్రం టేపు తనే పట్టుకుని కొలుచుకుంటానన్నాడు. పట్టుకున్నాడు, పట్టుకున్నంతసేపూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆ కోటు బొత్తాలు ఈ జన్మలో పడవు.

ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. వచ్చిన ప్రతి చుట్టమూ ఒక పథ్యం చెప్పి పోయాడు. ఒకరు గుడ్డు మానమన్నారు, ఒకరు పాలు, ఒకరు వంకాయ. అత్త అందరి మాటా విన్నది. చివరికి మామయ్య కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు ఒక్కటే ధైర్యంగా నిలబడింది. దిగులుకో ఏమో మచ్చలు ఇంకా పెరిగాయి. నేను విసుగెత్తి ఆయన్ని చర్మం డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళాను.

అక్కడ బెంచీ మీద, గోక్కుంటూ, ఆ లాయరే కూర్చుని ఉన్నాడు.

మమ్మల్ని చూడగానే మాతోపాటే డాక్టరమ్మ గదిలోకి చొరబడి, ఈయన నుంచే తనకి అంటుకుందని వాదన మొదలుపెట్టాడు. బయట ఆగమని ఆవిడ అంటుంటే మామయ్య అడ్డుపడ్డాడు. “ఉండనివ్వండమ్మా. నా సంగతి ఆయన ముందే చెప్పండి.”

ఆవిడ ముందు లాయరు నడుము చూసింది. చెమట పొక్కులు. ఈ మధ్య బిగుతు బట్టలేమైనా వేసుకున్నారా అని అడిగింది. ఆయన నేల చూపులు చూశాడు. మామయ్య మీద కోపంతో వేరే దర్జీ దగ్గర కోటు కుట్టించుకున్నాడట.

తర్వాత మామయ్య మోచేయిని ఒట్టి చేత్తో పట్టుకుని చూసింది. ఇది అంటువ్యాధి కాదు, ముట్టుకుంటే రాదు అంది. మామూలుగా చర్మం నెల రోజులు తీసుకునే పనిని ఈయన ఒళ్ళు కొద్ది రోజుల్లోనే చేసేస్తోందట. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే తొందరపెట్టడంతో కొత్త చర్మం మీద మీదకి వచ్చి పేరుకుపోతోందట.

మామయ్య తన మోచేయి వైపు చూసుకున్నాడు. “అంటే లోపలున్న కుర్రాడు ఆర్డరు లేకుండానే కోట్లు కుట్టేస్తున్నాడన్నమాట.”

“పాతది విప్పకముందే కొత్తది తొడిగేస్తున్నాడు” అంది డాక్టరమ్మ.

“పనిలోంచి తీసెయ్యలేమా?”

“తీసెయ్యలేం. నెమ్మదిగా కుట్టమని చెప్పగలం. మధ్యమధ్యలో మాట వినడు, అప్పుడు మళ్ళీ చెప్పాలి.”

పూతమందు రాసిచ్చింది. పొట్టు గిల్లొద్దంది, చర్మం ఎండిపోనివ్వొద్దంది, మందు తనని అడక్కుండా మానొద్దంది. వంకాయ తినొచ్చంది. మామయ్య మొహం ఆ ఆఖరి మాటకి వెలిగినట్టు మరి దేనికీ వెలగలేదు.

లాయరు మర్నాడే షాపుకొచ్చి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. మామయ్య టేపు తీసి కొలిచాడు. కానీ కోర్టు నిండా ఉన్నది ఒక్క లాయరు కాదు కదా. మిగతావాళ్ళు ఇంకా రోడ్డుకి అవతలి వైపు నుంచే నడుస్తున్నారు.

అందుకని మామయ్య ఒక ఉపాయం పన్నాడు. పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని, కోర్టు భోజనాలకి వదిలే వేళకి నన్ను వీధివైపు అద్దాల ముందు నిలబెట్టి, మెడ దగ్గర్నుంచి నడుము దాకా కొలుస్తాడు. వీధికి వినబడేలా అంకెలు అరుస్తాడు. ఎవరైనా ఆగి అడిగితే ఒంటి లోపలి కుర్రాడి కథ చెబుతాడు. మచ్చలు కొన్నాళ్ళు తగ్గుతున్నాయి, చలి పెరిగితే మళ్ళీ లేస్తున్నాయి. “మనవాడు మాట వినడం లేదు” అంటాడు, మందు రాసుకుంటాడు. మొన్న ఇద్దరు లోపలికొచ్చారు. నిన్న ఒకావిడ వచ్చి, కొలతలిచ్చి, వెళుతూ వెళుతూ నన్ను చూసి ఈ అబ్బాయి కోటు ఇంకా అవలేదా పాపం అంది.

ఇవాళ షాపు తెరవగానే మామయ్య నన్ను పక్కకి పిలిచాడు. మొహం చాలా సీరియస్‌గా ఉంది.

“ఒరేయ్ అల్లుడూ, నాకో సాయం చెయ్యాలి.”

“ఏంటి మామయ్యా?”

“కాస్త లావెక్కరా. రోజూ అదే నడుము చెబుతుంటే జనానికి అనుమానం వస్తోంది.”