ప్రొద్దుటూరు బస్టాండులో చింతగింజలు

ఆంధ్రనూ తెలంగాణనూ కలిపి ఒక రాష్ట్రం చేసిన కొన్నేళ్లకు మా నాయనా చిన్నాయనా వేరుపడ్డారు. పెద్దమనుషులు పొలం పంచారు, ఎద్దులు పంచారు, రాగి గంగాళాన్ని కోయడం కుదరక వేలంపాట పెట్టారు. ఆఖర్న తాతా జేజీ మిగిలారు. వాళ్లను పాట పెడితే పాడేవాళ్లు లేరు. అందుకని వంతులేశారు. ఒకరు జమ్మలమడుగులో మా ఇంట్లో, ఒకరు పులివెందులలో చిన్నాయన ఇంట్లో, ప్రతి అమావాస్య మరునాడూ తారుమారు. ఏ ఇంటి మీదా రెండు కంచాల బరువు పడకూడదు. న్యాయం తక్కెడలో తూచినట్టుంది.

నేను ప్రొద్దుటూరులో కాలేజీ చదువుతున్నాను కాబట్టి ఆ మార్పిడి నా చేతికొచ్చింది. తాత ఒక బస్సు దిగేవాడు, జేజి ఒక బస్సు దిగేది. ఆయనను జేజి వచ్చిన ఊరికీ, ఆమెను తాత వచ్చిన ఊరికీ ఎక్కించడం నా ఉద్యోగం. బస్సుల కోసం కాచుకునే ఆ కాసేపే వాళ్ల కాపురం. జేజి కొంగున కట్టుకొచ్చిన ఉడకబెట్టిన బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వలిచి పెట్టేది. తాత మోకాలి నొప్పి గురించి చెప్పేవాడు. నెలకోసారి కలిసేవాళ్లు కాస్త మంచి కబురు దాచుకుని రావచ్చు గదా అనిపించేది నాకు.

ఆ ఏడు మా లెక్కల లెక్చరర్ అమెరికా పత్రికలో చూసిన ఆటొకటి చెప్పాడు. గళ్లు గీసి గింజలు పెట్టాలి. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో రెండో మూడో గింజలుంటే గింజ బతుకుతుంది. తక్కువైతే తోడు లేక, ఎక్కువైతే ఇరుకులో చస్తుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్తది పుడుతుంది.

ఒకసారి పులివెందుల బస్సు ఎంతకీ రాలేదు. బస్టాండు అరుగు బండ మీద సుద్దముక్కతో గళ్లు గీసి, మూడు చింతగింజలు వరసగా పెట్టాను. చివరి రెండూ చచ్చాయి, నడిమిదానికి పైనొకటి, కిందొకటి పుట్టాయి. అడ్డం వరస నిలువైంది. మళ్లీ అడ్డం. మళ్లీ నిలువు.

తాత తానాడతానన్నాడు. పులిజూదానికి అలవాటైన చెయ్యి, చివరి గింజ ఒక్కటే ఎత్తి నా ఎత్తు కోసం ఆగాడు. తోడు తగ్గి నడిమిది పోయింది, దాని వెనకే మూడోది. బండ ఖాళీ. అన్నీ ఒకేసారి మారాలి తాతా అని మళ్లీ పేర్చాను.

“గెలిచేది ఎవురురా దీంట్లో?”

“ఎవురూ గెలవరు తాతా. ఇట్లే మారతాంటాది.”

“అయితే ఇది మాకు వచ్చిన ఆటే,” అన్నాడు.

కదలకుండా కూర్చునేది ఏదన్నా ఉందా అని అడిగింది జేజి. నాలుగు గింజలు చదరంగా పేర్చి చూపాను. ఎన్నాళ్లయినా అట్లే ఉంటాయన్నాను. ఆమె అందులో రెండు తీసేసింది.

“రెండే ఉంటే?”

“బతకవు జేజీ. ఒకదానికి ఒకటే తోడు, చాలదు.”

“రెండూ ఒగసారే పోతాయా?”

“ఒగసారే.”

“అయితే బాగనే ఉండాది.”

“మనకంత యోగం యాడిది మే,” అన్నాడు తాత. అంతలో బస్సొచ్చింది.

ఆ వారం ఇంటికి పోయి, ఇద్దరినీ కలిపి ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ ఉంచితే లెక్క ఒకటే వస్తుందని నాయనకు కాగితం మీద వేసి చూపాను. లెక్క సరే, రెండు కంచాలూ ఒకేసారి కళ్లబడతాయి గదా అన్నాడు. లెక్కల్లో ఆయనకు తిరుగులేదు.

ఎండాకాలంలో తాత పులివెందులలో పోయాడు. జేజి అప్పుడు మా ఇంట్లో ఉంది. ఆమెను తీసుకుపోయేసరికి ఆయనను ఇంటి ముందరి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. భాగాలయ్యాక వాళ్లిద్దరూ ఒకే ఇంటి దగ్గర గడిపింది ఆ పూటే. చిన్నమ్మ కూడా కంచాలు లెక్కపెట్టలేదు.

వంతులు మాత్రం ఆగలేదు. ముద్దనూరు మీదుగా నేరుగా పోవచ్చు, నేను అవసరం లేదన్నారు. జేజి ప్రొద్దుటూరు మీదుగానే పోతానంది. మా ఊరి బస్సు కోసం కాచుకుంటూ అదే బస్టాండు అరుగు మీద కూర్చుని బుడ్డలు వలిచింది, తినేవాళ్లు లేక నా చేతిలో పోసింది. గళ్లు ఎప్పుడో చెరిగిపోయాయి. కొంగుముడి విప్పి రెండు చింతగింజలు తీసి, బండ మీద పక్కపక్కన పెట్టింది. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు పోయింది.

“ఎత్తగాకు నాయనా. బస్సు వచ్చేదాకా ఉండనీ.”

జమ్మలమడుగు బస్సు ఏనాడూ టైముకు వచ్చిన పాపాన పోలేదు. ఆ పూట వచ్చింది.