వెనక సీటు వెలుతురు

మా అక్క మీద ఒట్టు. ఇది జరిగింది. నా కళ్లముందే జరిగింది.

అక్క మీద నేను ఊరికే ఒట్టేసే రకం కాదు... ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. ఇంకో మాట. నేను దెయ్యాలూ గియ్యాలూ నమ్మను. పలాసలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాణ్ని. కరెంటు ఉంటే వెలుగుతుంది. తీగ పీకేస్తే ఆరిపోతుంది. నేను నేర్చుకున్న విద్యంతా ఆ రెండు ముక్కలే. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో మాత్రం వద్దు.

మా బావ కూర్మారావుది కంచిలి అవతల, కొబ్బరితోటల మధ్య ఊరు. అక్కకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఇదేమీ వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఒక కథ ఉంటుంది. డయాలసిస్‌కి విశాఖ తీసుకెళ్లాలి. బస్సుల్లో అక్క పడలేకపోతోందని బావ పాత వ్యాను ఒకటి కొన్నాడు. అదే జబ్బున్న చుట్టుపక్కలవాళ్లనీ ఎక్కించుకునేవాడు. అర్ధరాత్రి దాటాక బయల్దేరితే తెల్లారేసరికి ఆసుపత్రి.

అంత దూరం అక్క కిటికీలోంచి చీకటి చూస్తూ కూర్చునేది. అది నాకు నచ్చలేదు. వ్యానులో కంప్యూటర్ పెడతానన్నాను, సినిమాలు చూసుకుంటుందని.

"యానులో కంప్యూటరేట్రా సీనూ? రేపు గొడ్లసాలలో ఫ్రిజ్జెడతావేటి?" అన్నాడు బావ.

పెట్టాను. షాపులో పడి ఉన్న బోర్డు, హార్డ్‌డిస్కు. మామూలు డబ్బా సీటు కింద పట్టక చెక్కపెట్టె కొట్టించాను. గుంతల్లో హార్డ్‌డిస్కు దెబ్బతినకుండా కింద సైకిల్ ట్యూబు ముక్కలు పరిచాను. ముందు సీట్ల మధ్య చిన్న ఎల్‌సీడీ తెర. అసలు తంటా కరెంటుతో వచ్చింది. బండి బ్యాటరీకి ఇన్వర్టర్ తగిలించి నడిపితే, బావ సెల్ఫ్ కొట్టినప్పుడల్లా కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చేది. విసుగొచ్చి దానికి విడిగా ఇంకో బ్యాటరీ పెట్టేశాను, వెనక సీటు వెనకాల. ఇంజిన్‌ది ఇంజిన్‌కి, కంప్యూటర్‌ది కంప్యూటర్‌కి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వ్యానులో వచ్చేవాళ్లలో ఎర్రయ్య మావ అని ఒకాయన ఉండేవాడు. సముద్రం ఒడ్డు పల్లె, చేపల వేటకెళ్లిన మనిషి. వెనక సీట్లో కిటికీ పక్క చోటు ఆయనదే. సినిమాలు ఆయనకి పట్టేవి కావు. సినిమా అయిపోయి కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు తెర మీద రంగురంగుల గొట్టాలు వచ్చేవి... ఒకదానిలోంచి ఒకటి పుట్టి, అల్లుకుంటూ పోతాయే, ఆ స్క్రీన్‌సేవర్. అది చూసేవాడు, రెప్ప వెయ్యకుండా. ఆ జబ్బున్నవాళ్లకి నీళ్లు కొలిచి ఇస్తారు. ఆయన పెదాలు ఎప్పుడూ ఎండిపోయి ఉండేవి.

"ఇన్ని గొట్టాలేసినావు గానీ సీనూ, ఒక్క సుక్కయినా రాదేటి?" అని, నేను తోడెళ్లినప్పుడల్లా నవ్వేవాడు. ఆపబోతే ఒప్పుకునేవాడు కాదు. "ఉండనీ బాబూ. ఎక్కడికెల్తాయో సూడనీ."

మొన్నటి వానల్లో ఆయన పోయాడు. ఇంట్లోనే... నీళ్లడుగుతూ పోయాడట. అక్క ఆ గొట్టాల్ని మళ్లీ చూడలేకపోయింది. నేను దాన్ని కంప్యూటర్లోంచే తుడిచేశాను. నా చేత్తోనే.

ఇక ఆ రాత్రి సంగతి.

అంతకుముందు ట్రిప్పు బండి రిపేరు వల్ల తప్పిపోయింది. అక్క మొహం, కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు. తెల్లారేసరికి ఆసుపత్రికి చేర్చకపోతే మనిషి దక్కదని మాకు తెలుస్తూనే ఉంది. అందుకే పొద్దుపోయాక పలాస నుంచి వచ్చి నేనూ బయల్దేరాను, బండిలో మేం ముగ్గురమే. బండి ఎంతకీ స్టార్ట్ కాలేదు. వీధిలోవాళ్లు సిమెంటు రోడ్డు మీద తోస్తే అందుకుంది.

"సలికి అలగే సేత్తాది," అన్నాడు బావ. నా మొహం చూడలేదు.

జీడితోటల్లో పడ్డాం. హైవే ఇంకా దూరం. ఎక్కడా దీపం లేదు... ఊళ్లకి ఊళ్లు కరెంటు పోయి ఉంది. అక్కకి తోడుగా తెర వెలుగుతోంది, పాత సినిమా ఏదో, సౌండు లేకుండా. ఉన్నట్టుండి అక్క సీటు పట్టుకుని ముందుకు వంగింది.

"ఆపండి... గాలి... గాలాడ్డం నేదు..."

బావ ఆపాడు. కంగారులో తాళం తిప్పి ఇంజిన్ కూడా ఆపేశాడు. తలుపులన్నీ తీశాం. కూర్చోబెట్టి వీపు రాశాం. కొంచెం తేరుకుంది. బావ ఎక్కి తాళం తిప్పాడు.

టక్.

అంతే. మళ్లీ తిప్పాడు. టక్.

అప్పుడు బయటపడింది. సాయంత్రం కరెంటు లేదని వీధంతా వ్యాను చుట్టూ చేరి సినిమా వెయ్యమన్నారట. బావ ఎవర్నీ కాదనలేడు కదా! కంప్యూటర్ బ్యాటరీ వాడేస్తే రాత్రి అక్కకి తెర ఆరిపోతుందని, అది దాచిపెట్టి, కంప్యూటర్ని ఇంజిన్ బ్యాటరీకి తగిలించి సినిమా మొత్తం ఆడించాడు.

"నీకు బుర్రుందేటి బావా?" అని అరిచాను. ఆయన ఏడుపొక్కటే తక్కువ. "మీ యక్క కోసమేరా..." అన్నాడు.

తోశాం. ఇసకనేల. చక్రాలు కూరుకుపోయాయి. దూరంగా సముద్రం హోరు, దగ్గర్లో అక్క ఊపిరి... గురగురమని. ఒప్పుకుంటాను, అప్పటి భయమంతా అక్క గురించే.

అప్పుడు తట్టింది. కంప్యూటర్ బ్యాటరీ నిండుగా ఉంది! దాన్ని తెచ్చి ముందు బిగిస్తే సరి. టార్చి వేస్తే ఎర్రబడి... చచ్చింది. ఇద్దరి ఫోన్లలో ఛార్జింగ్ పొద్దున్నే పోయింది. ఎలాగూ తెర వెలుతురు ఉందిగా అని వెనక్కి దూరాను. నల్ల తీగ పీకాను. ఎర్ర తీగ పీకాను. రెంటి కొసలూ తగలకుండా టేపు చుట్టాను. బ్యాటరీ ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, ముందుకి తెచ్చాను.

ఇక్కడ కాస్త ఆగండి. నేనూ ఇక్కడే ఆగిపోతుంటాను.

బావ ముందు సీటు కింద పాత బ్యాటరీ విప్పాడు. నేను కొత్తది కూర్చోబెట్టాను. నట్టు ఒకటి ఇసకలో పడింది. వెతికాను. దొరికింది. కనబడింది కాబట్టే కదా దొరికింది... పానా పట్టి బిగిస్తుంటే బావ వేళ్ల మీద ఆకుపచ్చ వెలుగు. నెమ్మదిగా పాకి పసుపయింది. తర్వాత ఎరుపు. వెనక ఎక్కడో సన్నగా ఫ్యాను చప్పుడు... ర్ర్ర్... ఎప్పుడూ వినే చప్పుడే, పట్టించుకోలేదు.

"ఎక్కడికెల్తన్నాయిరా... ఈ గొట్టాలు?" అంది అక్క.

"మాటాడకక్కా," అన్నాను. తల కూడా ఎత్తలేదు.

"కొట్టు బావా!"

ఇంజిన్ అందుకుంది. అందుకున్న ఆ క్షణాన... వ్యాను లోపల చీకటి పడింది. దీపం ఊదేసినట్టు. ఫ్యాను చప్పుడూ లేదు. నేను వెనక్కి దూరాను. సీటు వెనకాల చెయ్యి పెట్టి తడిమాను. రెండు తీగలూ వేలాడుతున్నాయి. టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది.

"పోనీ బావా, బేగి పోనీ!" అన్నాను. వెనక సీట్లో, కిటికీ పక్క, ఎవరూ లేరు. నేను చూశాను... ఒక్కసారే చూశాను.

అక్క దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. ఆసుపత్రి బయట టీ తాగుతూ బావనడిగాను, "నట్లు బిగించేటప్పుడు లైటెవరు పట్టారు?"

"నువ్వు కాదేటి?" అన్నాడు. గ్లాసు కిందపెట్టేశాడు.

తర్వాత షాపులో ఆ పెట్టె విప్పి చూశాను. తీగ పీకితే కన్నుమూసి తెరిచేలోపు తెర ఆరిపోతోంది. ఎన్నిసార్లు చేసినా అంతే. గొట్టాల బొమ్మ కోసం మొత్తం గాలించాను. లేదు. తుడిచింది తుడిచినట్టే ఉంది. అక్క ఊపిరాడక కలవరించిందనుకుందాం. మరి నాకు ఆ నట్టు ఎలా కనబడింది? ఆ వెలుతురు బావ కూడా చూశాడే? కంగారులో ఇద్దరం పొరబడ్డామంటారా... అనుకోండి. నేనూ అనుకుని చూశాను, నిద్ర పట్టలేదు.

అక్క ఇప్పటికీ అదే వ్యానులో వెళ్తోంది. బయల్దేరేముందు ఆ కిటికీ పక్క సీటు మీద నిండా నీళ్లతో ఒక చెంబు పెట్టిస్తుంది. తను తాగడానికి లేదు, చూస్తూ కూర్చుంటుంది. "ఎర్రయ్య మావకి కొలతేటి ఇంక?" అంటుంది.

విశాఖ చేరేసరికి చెంబులో నీళ్లు సగానికి దిగి ఉంటాయి. మన రోడ్ల మీద ఒలకకుండా ఎలా ఉంటాయి, ఒలికిపోయి ఉంటాయి. సీటు తడిసిందో లేదో ఒక్కసారి చెయ్యిపెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇంతవరకూ నేను చూడలేదు.