అందరికీ అదే కడుపునొప్పి

మా ఆయన కడుపునొప్పి తాళలేక ప్రాణం తీసుకున్నారని పేపర్లో వేశారు. జిల్లా పేజీలో అడుగున నాలుగు లైన్లు. పోలీసులకు అలా చెప్పింది మా బావగారు. ఆ మాట ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మా వైపు ఎవరు ప్రాణం తీసుకున్నా కడుపునొప్పే అంటారు. అలా అంటే ఇంట్లో ఏం జరిగిందని ఎవరూ తవ్వరు, ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది.

ఆయనకు కడుపునొప్పి ఎప్పుడూ లేదు. రాళ్ళు తిని అరిగించుకునే మనిషి. మండపేటలో రైస్ మిల్లులో గుమస్తాగా చేసేవారు. ఎలా పోయారో రాయను, దాని మీద ఆసక్తి ఉన్నవాళ్ళు నాకు చాలామందే తగిలారు. ఎందుకు పోయారో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. దానికి నాన్న కడుపునొప్పితో చనిపోయారని చెప్పి ఊరుకున్నాం. కొన్నాళ్ళకు బళ్ళో పచ్చి చింతకాయలు తిన్నట్టుంది, ఇంటికి వచ్చి నొప్పని చెప్పకుండా మంచం కిందికి దూరింది. బయటికి లాగితే పొట్ట పట్టుకుని, "అమ్మా, నేనూ చచ్చిపోతానా?" అంది. అప్పటి నుంచి అన్నం అంటే భయం. రెండు ముద్దలు తిని చాలనేది. వాము నీళ్ళు పట్టాను, కాకినాడ పెద్ద డాక్టరుకు చూపించాను. ఏమీ లేదన్నారాయన. ఉన్నదేమిటో నాకు తెలుసు. నిజం చెబితే పిల్ల ఏమైపోతుందోనని భయం, చెప్పకపోతే కళ్ళ ముందే చిక్కిపోతోంది. ఏడాది అలాగే నెట్టుకొచ్చాను.

నేను పనిచేసే బడిలో ఒక టీచరుగారు ఉండేవారు, లూథరన్ చర్చికి వెళ్ళేవారు. ఒకరోజు ఆవిడే కదిపారు.

"రాజమండ్రి అవతల గోదావరి గట్టు మీద మావాళ్ళ గెస్ట్‌హౌస్ ఉందండి. మూడు రోజులు మీలాంటి ఆడవాళ్ళు కలుస్తారు. వైజాగ్ నుంచి కౌన్సెలింగ్ చేసే మేడంగారు వస్తారు. ఒకసారి వెళ్ళి చూడండి."

'మీలాంటి' అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. అయినా పిల్ల మొహం చూసి సరే అన్నాను. మా అత్తగారు, "మతంలో కలిపేసుకుంటారేమో, చూసుకోమ్మా" అన్నారు. నన్ను కలుపుకుంటే వాళ్ళ ఖర్మ అనుకుని, పిల్లను అత్తగారికి అప్పజెప్పి బస్సెక్కాను.

అక్కడ ఏడెనిమిది మందిమి చేరాం. భర్త పోయినవాళ్ళు, కొడుకు పోయినవాళ్ళు, చెల్లెలు పోయినామె. నేను పెద్ద పెద్ద ఉపన్యాసాలకు సిద్ధపడి వెళ్ళాను. మేడంగారు చీరకొంగు సర్దుకుని, "ఇక్కడ మాట్లాడి తీరాలని ఏం లేదండి. లేచి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళండి, ఎందుకని అడగం" అన్నారు. అందుకే కాబోలు, కుర్చీలన్నీ తలుపు కనబడేలా వేశారు, తలుపు ఎప్పుడూ తీసే ఉంచారు. ఒకామె ఏడుస్తుంటే దగ్గరికి వెళ్ళి, "చెయ్యి వెయ్యొచ్చా అండి?" అని అడిగారు. ఇదేం చోద్యం అని నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వు పోయింది. ఆయన పోయిన నాటి నుంచి నన్ను పట్టుకుని ఊపి ఊపి ఏడ్చినవాళ్ళలో, నా బొట్టు తుడిచి గాజులు తీసినవాళ్ళలో, ఒక్కరు కూడా నన్ను అడగలేదు.

మొదటి రోజంతా ఎవరం నోరు విప్పలేదు. రెండో రోజు పొద్దున్న వంటామె తట్టెడు చిక్కుడుకాయలు తెచ్చి వరండాలో మా మధ్య పెట్టింది. చేతులకు పని దొరికేసరికి మాటలూ వచ్చాయి. భీమవరం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఈనెలు తీస్తూ, ఎవరూ అడక్కుండానే, "మావాడికి కడుపునొప్పండి" అన్నారు.

పక్కనామె తల ఎత్తకుండా, "మా చెల్లికీ కడుపునొప్పేనండి" అంది.

"మా ఆయనక్కూడా అదేనండి" అంది ఇంకొకామె.

నా వంతు వచ్చింది. అదే మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పెద్దావిడ మా అందరి వంకా చూసి, "ఏంటండీ ఇది, అందరికీ అదే కడుపునొప్పా? మన నీళ్ళలో ఏమన్నా ఉందంటారా?" అన్నారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక ఆగలేదు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఏమైందోనని వంటామె గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. పైగా అక్కడ మొగుడు పోయినది నవ్వుతోందని చూసేవాళ్ళు లేరు. నవ్వు సద్దుమణిగాక పెద్దావిడ చేతిలోని కాయ కింద పెట్టి, "మావాడు ప్రాణం తీసుకున్నాడండి" అన్నారు. తర్వాత నేనూ అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు.

బయల్దేరే రోజు మేడంగారిని అడిగాను. "పిల్లకెలా చెప్పనండి?"

"నిన్న మాకు చెప్పినట్టేనండి. చిన్న చిన్న మాటల్లో. అడిగినంత వరకే చెప్పండి. అడిగినది మాత్రం దాటెయ్యకండి."

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అత్తగారు కునుకు తీస్తున్నారు. పిల్లను పెరటి గడప మీద పక్కన కూర్చోబెట్టుకుని, మనసు మారేలోగా చెప్పేశాను. నాన్నకు కడుపునొప్పి లేదని, ఆయన మనసులో మనకెవరికీ తెలియని బాధేదో ఉందని, అది భరించలేక తన ప్రాణం తనే తీసుకున్నారని. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల దించి తన కాలి వేళ్ళు చూసుకుంది.

"అయితే నేను పోసిన పెసరట్టు వల్ల కాదా?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. ఆయన పోయిన రోజు పొద్దున్న సరదాపడి మొదటిసారి అట్టు పోసింది. అంచులు మాడాయి, మధ్యలో పచ్చిగా ఉంది. ఆయన బాగుందమ్మా అని మొత్తం తిని మిల్లుకు వెళ్ళారు.

ఏడాది పాటు ఆ పిల్ల తండ్రిని తనే చంపాననుకుంటూ నా పక్కలో పడుకుంది.

"కాదమ్మా, దానివల్ల కాదు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. అత్తగారు లేచి వచ్చేదాకా అది అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.